చీటీ ఉంటేనే ఆదివారం

హిమాయత్ సాగర్ కట్ట మీద నిలబడితే శంషాబాద్ నుంచి లేచే విమానాలు కనిపిస్తాయి. "వాటిలో ఎక్కిపోయిన మన కుటుంబాలు పరాయి దేశంలో ఆదివారం ఎలా గడుపుతున్నాయో రాయండి. పొద్దున చర్చి, మధ్యాహ్నం మ్యూజియమో మార్కెట్టో. ఫొటోలు బాగా వస్తాయి. శుక్రవారం సాయంత్రానికి కావాలి" అన్నారు మా ఎడిటర్. ఫొటోలు వస్తాయి, కాదనను. డాలస్‌లో తీసినా మెల్‌బోర్న్‌లో తీసినా అవే ఫొటోలు: పట్టుచీరలు, కోట్లు, ఆరాధనయ్యాక కాగితపు ప్లేట్లలో బిర్యానీ. నాకు వాటి మీద అంత మోజు లేదు. వెతుకుతూ పోతుంటే నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది మాత్రం ఓ పాత పద్దు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దిగిన కూలీల జాబితా.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడతో మొదలై 1911 దాకా సాగిన ఈ ఓడల జాబితాల్లో 1,52,184 మంది ఉన్నారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. ఒక్కో మనిషికి ఒక్కో వరస. వరస మొదట ఓ నంబరు. ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ దొర పుస్తకంలోనైనా సర్కారు కాగితంలోనైనా ఆ నంబరు మనిషిని వదలదు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. మోకాలి మీది మచ్చకు చోటుంది గానీ, తెలుగువాడు తన పేరుకు ముందు చెప్పుకునే ఇంటిపేరుకు గడే లేదు. ఊళ్ల పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడ్డాయి. అయినా తాతముత్తాతల జాడ వెతుక్కునే దక్షిణాఫ్రికా తెలుగువాళ్లకు ఈనాటికీ దారి ఈ పద్దే.

నా కన్ను కులం గడి మీద నిలిచింది. కొన్ని వరసల్లో అక్కడ కులానికి బదులు క్రైస్తవుడని రాసి ఉంటుంది. జాయ్ బ్రెయిన్ అనే చరిత్రకారిణి ఈ జాబితాలను జల్లెడ పట్టి, 1860 - 1911 మధ్య, డర్బన్ ఉన్న నేటాల్‌లోని భారతీయ క్రైస్తవుల మీద 1983లో ఓ పుస్తకమే వేశారు. కానీ మాల అనో మాదిగ అనో పడ్డ వరసల్లో ఎందరు అప్పటికే బాప్తిస్మం తీసుకున్నారో ఆ గడి చెప్పదు. గుమాస్తాకు ఒక గడిలో ఒక మాటే పడుతుంది. మనిషికి రెండూ ఉండొచ్చు.

కూలీల ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు జీతం నెలకు పది షిల్లింగులు. 1891 నాటి నేటాల్ చట్టం ప్రకారం, పనిచేసే తోట దాటి పోవాలంటే దొర రాసిచ్చిన చీటీ చేతిలో ఉండాలి. లేకుండా దొరికితే జైలే. పక్క తోటలో బంధువులున్నా, ప్రార్థన ఉన్నా అంతే. మా ఎడిటర్ అడిగిన మధ్యాహ్నపు మ్యూజియమూ మార్కెట్టూ ఆ కుటుంబాలకు ఎక్కడివి? వారమంతా దొరతో, జూలూ కూలీలతో ఫానగలో అనే కలగలుపు మాటలు. తెలుగులో నోరారా మాట్లాడుకునేది ఇంట్లో, లేదా నలుగురు చేరిన చోట.

అలాంటి చోటికి 1903లో జాన్ రంగయ్య భార్యాబిడ్డలతో వెళ్లారు, కూలీగా కాదు, పాదిరిగా. ఆయన్ని పంపింది అమెరికా మిషనరీలు కాదు, తెలుగు బాప్టిస్ట్ హోమ్ మిషనరీ సొసైటీ. మిషన్ అంటే తెల్లవాళ్లు ఇటు రావడమే అనుకునే రోజుల్లో తెలుగువాళ్లు తమ మనిషిని సముద్రం దాటించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఆ ఏడు క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. రెండు రోజులకు, డిసెంబర్ 27 ఆదివారం నాడు, డర్బన్‌కు ఉత్తరాన హ్యూలెట్ దొర తేయాకు తోటలున్న కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. దక్షిణాఫ్రికాలో భారతీయుల తొలి బాప్టిస్టు సంఘం అదే. రంగయ్య తోట తోటకూ తిరిగారు. 1914లో నేటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్ పెట్టారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

తెలుగు బాప్టిస్టుల వెనక చరిత్ర ఒక్క గుక్కలో: అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్క. 1866లో వాళ్ల మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో దిగాడు, ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. కరువు మనుషుల్ని చర్చికీ పంపింది, ఓడకూ పంపింది.

తర్వాత ఏమైంది?

నేటాల్ తెలుగువాళ్ల మనవలు ఇప్పుడు మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషే. భాషను నిలబెట్టాలని 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ డర్బన్‌లో ఇంకా ఉంది. నేటాల్‌లో జె.ఎఫ్. రోలండ్స్ నడిపిన బెథెస్డా పెంతెకోస్తు సంఘంలోకి తెలుగు, తమిళ కుటుంబాలు పెద్ద సంఖ్యలో చేరాయి. 'తెలుగు చర్చిలో తెలుగు బతుకుతుంది' అని మన ప్రవాస సంఘాలు తేలిగ్గా అనేస్తాయి. నాకైతే అనుమానమే. తెలుగు తప్ప వేరే దిక్కు లేని తరం ఉన్నన్నాళ్లే అది బతికింది.

ఇటు వచ్చినవాళ్లకు

అటు వెళ్లినవాళ్లకే కాదు, ఇటు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర బస చేసే విదేశీ కుటుంబాలకూ ఆదివారం వస్తుంది. ఇంగ్లీషు ఆరాధనకు హైదరాబాద్ అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ చర్చి ఉంది. దగ్గర్లోనే చూడాలంటే 1908 మూసీ వరద తర్వాత ఈసీ నది మీద కట్టి, 1927లో పూర్తి చేసిన హిమాయత్ సాగర్. నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు దానికి. శంషాబాద్ పక్కన అమ్మపల్లి రామాలయం, సినిమా షూటింగుల పుణ్యమా అని అందరికీ తెలిసిందే. రోజంతా తీరికుంటే మెదక్ వెళ్లండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి అద్దాల మీది బొమ్మలు బయటి వెలుగుంటేనే కనిపిస్తాయి. పొద్దుగూకకముందే చేరుకోవాలి.