“అబ్సర్డ్” అను మాటకు అర్థమేమి?

వాదన ముదిరినప్పుడు “అది అబ్సర్డ్!” అని ఎదుటివారి నోరు మూయించేవారిని మీరు చూచియుంటారు. ఈ ఇంగ్లీషు మాటకు అర్థమేమి? దానిని ఎక్కడ వాడవలెను?

లాటినులో “అబ్సుర్దుస్” అనగా శ్రుతి తప్పినది. పదిమంది కలిసి పాడుచుండగా ఒక గొంతు పక్కకు పోతే చెవికి ఎట్లుండునో ఆలోచించండి. చెవిటి అని అర్థమిచ్చే “సుర్దుస్” ఈ మాటకు చుట్టమే. తరువాత బుద్ధికి పొసగని మాటను కూడ అబ్సర్డ్ అన్నారు. 16వ శతాబ్దములో ఇది ఇంగ్లీషులో చేరినది.

మూడు సంగతులు గమనించండి.

మొదటిది, తప్పు వేరు, అబ్సర్డ్ వేరు. హైదరాబాదుకు పడమట విజయవాడ ఉన్నదంటే అది తప్పు. పటము చూపిస్తే సరిపోవును. నాలుగు మూలలున్న వృత్తమంటే అది అబ్సర్డ్. ఆ మాటలో ఒక సగము రెండవ సగమును కొట్టివేయుచున్నది.

రెండవది, ఈ మాట అనాలంటే ముందు వినవలెను. 1 కొరింథీయులకు 15వ అధ్యాయము చదవండి. మృతుల పునరుత్థానము లేదన్న వారిని పౌలు ఎగతాళి చేయలేదు. వారి మాటనే పట్టుకొని చివరివరకు నడిచాడు: అట్లయితే క్రీస్తు కూడ లేపబడలేదు, మా ప్రకటన వ్యర్థము, మీ విశ్వాసమూ వ్యర్థము. తర్కశాస్త్రములో, గణితములో నేటికీ ఇట్టి పద్ధతి ఉన్నది.

మూడవది, “అబ్సర్డ్ గనుక నమ్ముచున్నాను” అని కార్తేజీవాడైన తెర్తుల్లియను అన్నాడని చాలామంది చెప్పుదురు. ఆయన వ్రాతలలో ఆ వాక్యము లేదు. దేవుని కుమారుడు నిజమైన శరీరము ధరించుట తగదన్న మార్కియోను వంటివారికి జవాబిస్తూ, మీకు తగనిదిగా కనబడినదే నమ్మదగినదని వాదించాడు. “తగనిది” అన్నాడే గాని “అబ్సర్డ్” అనలేదు. బుద్ధిని ప్రక్కన పెట్టమనీ ఆయన చెప్పలేదు.

కాబట్టి ప్రియులారా, మీ కుమారుడో పొరుగువాడో క్రొత్త మాట ఒకటి చెప్పినప్పుడు తొందరపడకండి. అది దేనితో శ్రుతి కలియలేదో చూపగలరా? చూపగలిగితే ప్రేమతో చూపండి. చూపలేకపోతే, లోపము అతని పాటలో ఉన్నదో, మన చెవిలో ఉన్నదో పరీక్షించుకొందము.