తోడరమల్లు ఎవరు? తిరుమల ప్రతిమల గుర్తింపులో నిజానిజాలు

తిరుపతి: తిరుమల శ్రీవారి ఆలయంలో దేవతామూర్తులతో పాటు స్వామివారిని సేవించిన రాజుల, అధికారుల ప్రతిమలు కూడా కొలువుదీరి ఉన్నాయి. శతాబ్దాలుగా చేతులు జోడించి నిలిచిన ఈ ప్రతిమలు ఎవరివన్న విషయంలో నేటికీ పత్రికలలో, పర్యాటక కరదీపికలలో పరస్పర విరుద్ధమైన వివరాలు కనిపిస్తున్నాయి. ఈ నేపథ్యంలో ప్రతిమల గుర్తింపునకు ఆధారమైన అంశాలను పరిశీలించడం సముచితం.

మహాద్వారం దాటగానే ఉన్న ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవిల లోహ ప్రతిమలు ఉన్నాయి. భుజాలపై పేర్లు చెక్కి ఉండటం వలన వీటి గుర్తింపు కొంత సులువైంది. 1513–1521 సంవత్సరాల మధ్య రాయలవారు పలుమార్లు తిరుమలను దర్శించి కానుకలు సమర్పించినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. 1517 జనవరి 2న ఈ ప్రతిమలను ప్రతిష్ఠించినట్లు ప్రతీతి.

అయితే ముఖకవళికలు రాయలవారివేనా అన్నది వేరొక ప్రశ్న. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాయలను మధ్యస్థమైన ఎత్తు, కొంచెం స్థూలకాయం, ముఖంపై స్ఫోటకపు మచ్చలు గలవారిగా వర్ణించాడు. తిరుమల ప్రతిమలోని రాజు సన్నని, నునుపైన ముఖం గల భక్తుడు. ఈ వ్యత్యాసం కారణంగా ప్రతిమ రాయలది కాదనుట తొందరపాటు అవుతుంది. దక్షిణాది శిల్పులు ఉన్నదున్నట్లు పోలికను చిత్రించుట కంటె ఆదర్శ భక్తుని రూపకల్పనకే ప్రాధాన్యమిచ్చారు. దక్షిణ భారత ప్రతిమా శిల్పంపై 1931లో గ్రంథం వెలువరించిన టి.జి. అరవముదన్ మొదలు నేటి కళాచరిత్రకారుల వరకు చర్చ ఈ అంశం చుట్టూనే సాగింది. కాబట్టి ముఖం చూసి వ్యక్తిని నిర్ణయించుట సాధ్యం కాదు.

పేరు ఉన్నంత మాత్రాన చిక్కులు తీరవు. వేంకటపతిరాయల ప్రతిమ ఇందుకు ఉదాహరణ. విజయనగర రాజులలో ఆ నామం ఒక్కరిదే కాదు. 1586–1614 మధ్య పాలించి, చంద్రగిరితో అనుబంధం కలిగిన వేంకటపతిదేవరాయలే ఈయన అని సాధారణంగా భావిస్తారు. చరిత్రకారులు కొందరు ఆయనను మొదటి వేంకటపతిగా, మరికొందరు రెండవ వేంకటపతిగా లెక్కించడం వలన పాఠకులు తికమక పడుతున్నారు.

అన్నింటికంటె ఎక్కువగా పొరపాటు దొర్లుతున్నది తోడరమల్లు విషయంలో. ఆలయంలో ఆయన, తల్లి మాతా మోహనదేవి, భార్య పితా బీబీల ప్రతిమలు ఉన్నాయి. ఈయన అక్బరు చక్రవర్తి ఆర్థిక మంత్రి రాజా తోడరమల్లు అనే ప్రచారం విస్తృతంగా ఉంది. కాలక్రమం దీనికి అనుకూలించదు. అక్బరు మంత్రి 1589లో మరణించాడు. అప్పటికి ఈ ప్రాంతం విజయనగర రాజుల ఏలుబడిలోనే ఉంది. గోల్కొండ 1687లో పతనమైన తరువాతనే మొగలు అధికారం ఇటు విస్తరించింది.

రెండవ ఆధారం కంచిలో లభిస్తుంది. యుద్ధ భయం వలన ఉడయార్‌పాళయం తరలించిన వరదరాజస్వామి ఉత్సవమూర్తిని 1710లో తిరిగి కంచికి చేర్చడంలో లాలా తోడరమల్లు సహకరించినట్లు అక్కడి శాసనం పేర్కొంటున్నది. ఆయన కర్ణాటక నవాబు సాదతుల్లాఖాను కొలువులోని అధికారి. తిరుమల ప్రతిమ ఈ లాలా తోడరమల్లుదే అనుట కాలానికి, ప్రాంతానికి, బిరుదుకు కూడా పొసగుతుంది. ఢిల్లీ మంత్రి కీర్తి ముందు ఆర్కాటు అధికారి సేవ మరుగున పడింది. పొరపాటును సరిదిద్దడమంటే ఆయనకు దక్కవలసిన గౌరవాన్ని ఆయనకే దక్కించడం.

శాస్త్రీయ పరీక్షలకు కూడా హద్దులున్నాయి. తిరుమలతో పాటు నేడు తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్ల ఘన ఇంధన మోటార్లను విప్పకుండానే ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తారు. అదే కోవలో లోహ ప్రతిమలను గీయకుండా, కోయకుండా వాటి లోహ మిశ్రమాన్ని, అతుకులను తెలుసుకోవచ్చు. కాని లోహం తన వయస్సును తానుగా చెప్పదు. ప్రతిమ ఎవరిదో అసలే చెప్పదు. చెక్కిన పేరు సైతం ప్రతిమతో పాటే చెక్కినదా, తరువాత చేర్చినదా అన్నది లిపి తీరును బట్టి తేల్చవలసి ఉంటుంది.

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువు. అట్టి వస్తువుల వివరాలను నమోదు చేయునపుడు, పత్రికలలో ప్రకటించునపుడు శాసన సాక్ష్యాన్ని, స్థానిక ప్రతీతిని, పండితుల ఊహను వేర్వేరుగా చూపుట మేలు. ఒకసారి అచ్చయిన తప్పు పది చోట్ల ఉదహరింపబడి, చివరకు ఆధారంగా చెలామణి అయ్యే ప్రమాదం ఉందని తోడరమల్లు ఉదంతం హెచ్చరిస్తున్నది.