పరీక్ష బిడ్డకా, భాషకా?

పార్వతీపురం మన్యంలో బడిలో కొత్తగా చేరిన సవర బాలునికి ఉపాధ్యాయుడు ఒక బొమ్మ చూపి, "ఇదేమిటి?" అని తెలుగులో అడుగుతాడు. బాలుడు పలకడు. అతని పేరుకెదురుగా సున్న పడుతుంది. వస్తువే తెలియదా, దాని తెలుగు పేరు తెలియదా, లేక ప్రశ్నయే బోధపడలేదా? ఆ సున్న ఏమీ చెప్పదు.

ఇటువంటి సున్నలే అమెరికాలో ఒక పర్యాయం న్యాయస్థానం దాకా వెళ్లాయి. కాలిఫోర్నియాలో, ఇంట స్పానిష్ మాట్లాడే మెక్సికన్ సంతతి పిల్లలు తొమ్మండుగురికి ఇంగ్లీషులో బుద్ధిపరీక్ష జరిపి, మందమతులని తేల్చి, వేరు తరగతులలో కూర్చుండబెట్టారు. స్పానిష్‌లో కూడా సమాధానం చెప్పనిచ్చి తిరిగి పరీక్షించగా వారిలో ఎక్కువమంది ఆ గీత దాటారు! 1970లో వారి పక్షాన నడచిన వ్యాజ్యం రాజీతో ముగిసింది. పిల్లలను ఇంటిభాషలోనూ పరీక్షించాలన్నది అందులోని షరతు.

అయితే ప్రశ్నలను అనువదించినంతమాత్రాన న్యాయం జరిగిపోదు. ఒక భాషలో పసివాడికి సైతం తెలిసిన మాట వేరొక భాషలో పండితులకే పరిమితం కావచ్చును. ఉచ్చారణ సంగతి మరీ చిక్కు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. అందులో ఖ, ఘ వంటి ధ్వనులు లేవు. (తెలుగువారిలో మాత్రం వాటిని సరిగా పలికేవారెందరు?) అచ్చును గొంతులో ఆపి పలకడం మాత్రం ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండిన గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి సవరల మాట విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. అంతటి విద్వాంసునికే అంత కాలం పట్టిన పని పరభాష నేర్వడం. ఆరేళ్ల బిడ్డ కొద్ది మాసాలలో తెలుగు పలకలేదని నాలుకకు దోషం అంటగట్టడం ఏమి న్యాయం?

తెలుగులోనే ఒక సీమ బిడ్డ ఆనపకాయ అన్నదానిని మరొక సీమ బిడ్డ సొరకాయ అంటుంది. జవాబుల పట్టికలో ఒకటే మాట ఉంటే రెండవ బిడ్డకు మార్కు పోతుంది.

నిజమైన భాషాలోపం ఉన్న పిల్లవాడు ఇంటిమాటలోనూ తడబడతాడు. కనుక ముందు తల్లిని అడగాలి: మాటలు ఆలస్యంగా వచ్చాయా? చెప్పిన పని అర్థం చేసుకుంటాడా? విన్న కథ తిరిగి చెబుతాడా? ఆపైన కొన్ని కొత్త మాటలు పదిరోజులు నేర్పి, మళ్లీ అడిగి చూడాలి. చప్పున పట్టుకున్నాడా, ఇంతవరకు లోపించినది అవకాశమే కావచ్చును. ఈ శ్రమ పడకుండా "కొండపిల్లవాడు, తెలుగు రాదులే" అని విడిచిపెట్టడమూ అన్యాయమే. నిజంగా వినికిడి తక్కువైన బిడ్డ కూడా ఆ మాట చాటున ఏళ్ల తరబడి వెనుక బల్ల మీద కూర్చుండిపోతాడు.