రొమ్ము ఉంచాలా వద్దా, దూరం తేల్చకూడదు

హైదరాబాద్‌ నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం చేసే ఆమెకు కాంటినెంటల్, స్టార్ లాంటి పెద్దాసుపత్రులు ఆఫీసు పక్కనే. ఆదిలాబాద్ నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే ఆమెకు ఊరే దూరం. ఇద్దరికీ రొమ్ములో ఉన్నది అదే చిన్న క్యాన్సర్ గడ్డ కావచ్చు. కానీ గడ్డ వరకే తీస్తే 5 వారాల పాటు 25 సిట్టింగుల రేడియేషన్ అంటే, రెండో ఆమె ఇంట్లో వాళ్లు మొత్తం తీసేయమనడంలో వింతేముంది? అది వైద్యం చెప్పిన నిర్ణయం కాదు, దూరం చేయించిన నిర్ణయం. వైద్యం ఏనాడో వేరే మాట చెప్పింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టిన పరిశోధన 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి: రొమ్మంతా తీసినా, గడ్డ వరకే తీసినా ఆయుష్షులో తేడా లేదు. అయితే గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వనివారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, ఇచ్చినవారిలో 14 శాతానికే. కాబట్టి రేడియేషన్, అంటే జనం మాటలో కరెంటు పెట్టించుకోవడం, చాలామందికి తప్పదు. ఎన్ని రోజులన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు ఇప్పుడు సడలుతోంది. బ్రిటన్ పరిశోధనలతో 25 సిట్టింగులు 15కు తగ్గాయి. 2020లో వెలువడిన ఫాస్ట్ ఫార్వర్డ్ అనే పరిశోధన ఫలితాల్లో, 40 గ్రేల రేడియేషన్ మోతాదు 15 సిట్టింగుల్లో తీసుకున్నవారికీ, 26 గ్రేలు 5 రోజుల్లోనే తీసుకున్నవారికీ ఐదేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టడం దాదాపు ఒకేలా, చాలా తక్కువగా ఉంది. రోజువారీ మోతాదు పెంచి, మొత్తం మోతాదు తగ్గించడమే ఇందులోని కిటుకు. మిషన్ కింద పడుకునేది కొద్ది నిమిషాలే. ఛాతీ మీద ఇంకుతో పెట్టిన గుర్తులు స్నానంలో చెరిగిపోకుండా చూసుకోవడమే పెద్ద పని. ఎడమ రొమ్మయితే రేడియేషన్ గుండె మీద పడకుండా ఊపిరి బిగబట్టమంటారు.

మొత్తం తీసేస్తే రేడియేషన్ బాధే ఉండదు కదా అనేవారున్నారు. గడ్డ పెద్దదైనా, చంక గ్రంథులకు పాకినా మొత్తం తీశాక కూడా అది తప్పకపోవచ్చు. మనవాళ్లు ముదిరాకే వస్తారన్నది బలమైన అభ్యంతరం, నిజం కూడా. అయినా ముందు కీమోతో గడ్డను కుదించి రొమ్ము నిలపగలిగేవారు వారిలోనూ ఉంటారు. కొందరికి మాత్రం మొత్తం తీయడమే సరైనది. ఒకే రొమ్ములో చాలాచోట్ల గడ్డలున్నప్పుడు సర్జన్ ఆ మాట చెబితే కాదనడానికి లేదు. ఐదు రోజుల పద్ధతీ అందరికీ కాదు; చంకకూ కరెంటు పెట్టాల్సిన వారికి చాలాచోట్ల 3 వారాలే ఇస్తున్నారు. ఆపరేషన్‌కు తేదీ వేసుకోక ముందే రేడియేషన్ డాక్టర్‌ను కలిస్తే, ఆదిలాబాద్ ఆమె లెక్క వేసుకోవాల్సింది 5 వారాలా, ఒక్క వారమా అన్నది తేలుతుంది.