ఉడుము ఊపిరి

హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ఒకప్పుడు చెరువులును, పంటపొలములును, గండశిలలును గల గ్రామములు. నేడచ్చట కర్మాగారములును, అంతస్తుల మేడలును వెలసినవి. 2017 నవంబరు నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు కూడ నడచుచున్నది. అయినను ఇట్టి తావులందు మిగిలిన రాతిసందులును, చెరువుగట్ల పొదలును ఉడుమునకు అనువైన నెలవులే. అది దారి తప్పి ఎవరి పెరటిలోనికైన వచ్చినచో ఇంటివారు కేకలు వేసి కఱ్ఱలందుకొందురు. ఉడుము గొంతు నుబ్బించి బుసకొట్టును. ఆ బుసయందు విషమున్నదని తలచి దానిని చంపువారును కలరు. ఆ గొంతు ఎందుకుబ్బును? ఆ బుస ఏమిటి? శ్రోతల యిండ్ల ముంగిట నొక మూగజీవి ప్రాణము ఈ ప్రశ్నలపై ఆధారపడి యుండవచ్చును గావున వానిని ఇచ్చట వివరింప దలచితిమి.

మన శరీరమున ఎదకును పొట్టకును నడుమ విభాజక పటలమను కండరపు పొర యున్నది. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులు విచ్చుకొని గాలి లోనికి వచ్చును. సరీసృపములకు మనవంటి పొర లేదు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క ఉపాయమును అవలంబించినది. తాబేటి ప్రక్కటెముకలు డిప్పతో కలిసిపోయినవి గనుక అవి కదలవు. పొట్టకండరములే దానికి ఊపిరి నిచ్చును. మంజీరా నదిలోని మొసలి, ఒక ప్రత్యేక కండరముతో తన కాలేయమును వెనుకకు లాగి, ఊపిరితిత్తులకు చోటు కల్పించును. నాగుపామున కుడి ఊపిరితిత్తి పొడుగై యుండ, ఎడమది మిక్కిలి చిన్నదై పోయినది. ఎరను మ్రింగునపుడు పాము తన శ్వాసనాళపు మొదలును నోటి ముందుకు త్రోసి గాలి పీల్చుకొనును.

బల్లి జాతివి ప్రక్కటెముకలను కదల్చి ఊపిరి పీల్చును. అయితే పరుగెత్తునపుడు వాని ఒడలు పామువలె అటునిటు వంగును. ఆ వంపునకును, ఊపిరికిని పనిచేయవలసినవి ఆ ప్రక్కటెముకల కండరములే. కావున పరుగు సాగినంతసేపు ఊపిరి కుంటుపడును. ఈ చిక్కును 1987లో డేవిడ్ క్యారియర్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను.

ఉడుము ఈ చిక్కును గొంతుతో దాటినది. అది ముక్కుద్వారా గాలిని గొంతులోనికి పీల్చి, గొంతును బిగించి, ఆ గాలిని ఊపిరితిత్తులలోనికి నెట్టును. కమ్మరి కొలిమితిత్తి చేయు పనియే ఇది. ఆఫ్రికా గడ్డిభూములయందలి ఉడుములను నడిపించి తీసిన ఎక్స్‌రే చిత్రముల వలన 1999లో ఈ సంగతి రుజువైనది. నోరు మూసికొననీయక గొంతు పనిని ఆపగా, లోనికి పోవు గాలి తగ్గిపోయినది. కాబట్టి ఉబ్బు గొంతు అన్నివేళల కోపమునకు గుర్తు కాదు. పరుగెత్తి అలసిన జీవి ఊపిరికై పడు ప్రయాసయు కావచ్చును.

ఇంకొక విశేషము. మన ఊపిరితిత్తులలో గాలి వచ్చిన దారినే తిరిగి పోవును. పక్షులలో అట్లుగాక, చాల గొట్టములందు ఒకే దిశగా ప్రవహించును. ఇది పక్షుల సొత్తేయని చిరకాలము తలచిరి. 2010లో మొసలి జాతియందును, 2013లో ఉడుమునందును ఇట్టి ఒకవైపు ప్రవాహమును అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇక బుస సంగతి. నిండుగా పీల్చిన గాలిని ఇరుకైన కంఠద్వారమున వేగముగ వదలగా పుట్టు చప్పుడే అది. ఆ ఊపిరియందు విషము లేదు. చీలిన నాలుక వాసన పసిగట్టు సాధనము మాత్రమే. అయితే పట్టబోయినచో పండ్లతోను గోళ్లతోను గాయపఱచును. కఱచినచో గాయమును కడిగి వైద్యుని చూడవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమును మొదటి షెడ్యూలున చేర్చినది. దానిని చంపుటయు, దాని మాంసము నమ్ముటయు నేరములు. ఉప్పల్ రోడ్డున హబ్సిగూడయందున్న సి.సి.ఎం.బి. పరిశోధనశాలవారు, మాంసపు తునక నుండియే అది ఏ జంతువుదో డి.ఎన్.ఎ. పరీక్షచే తేల్చు పద్ధతిని రూపొందించిరి.

కావున ఉడుము కనబడినచో పిల్లలను, కుక్కలను దూరముగ నుంచి, దానికి పోవు దారి విడువుడు. అది తనంత తాను పోనిచో అటవీశాఖ వారికి కబురు చేయుడు. బుసకొట్టు జీవి బెదరిన జీవియని ఎఱిగిన ఇంట కఱ్ఱతో పని యుండదు.