ట్యాక్స్ ఆఫీసులో చేరుతున్నారా? ముందు బుక్‌మార్క్‌లు సర్దండి

బీకాం అయ్యాక చాలామందికి మొదట దొరికేది ఆడిటర్ దగ్గరో, జీఎస్టీ కన్సల్టెంట్ దగ్గరో అసిస్టెంట్ ఉద్యోగమే. ట్యాలీ వచ్చా, ఎక్సెల్ వచ్చా అని ఇంటర్వ్యూలో అడుగుతారు. సీట్లో కూర్చున్నాక మాత్రం టైమంతా వేరేచోట పోతుంది. సైట్ వెతుక్కోవడం, పాస్‌వర్డ్ కోసం పాత వాట్సాప్ మెసేజ్‌లు తిరగేయడం, ఓటీపీ కోసం షాపు యజమానికి పదిసార్లు ఫోన్ చేయడం. ఈలోగా గడువు వచ్చేస్తుంది.

గడువులు కూడా తక్కువేం కాదు. సాధారణంగా నెలనెలా 7న టీడీఎస్ చెల్లింపు, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, 20న జీఎస్టీఆర్-3బి ఉంటాయి. 3బి ఆలస్యమైతే రోజుకు రూ.50 రుసుము, నిల్ రిటర్న్‌కైతే రూ.20. కట్టాల్సిన పన్ను ఉంటే దానిపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం. ఆ డబ్బు క్లయింటుది, మాట పడేది మీరు.

క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే బుక్‌మార్క్ బార్ కనిపిస్తుంది. చాలామంది శాఖలవారీగా ఫోల్డర్లు పెట్టుకుంటారు. అంతకన్నా తేదీలవారీగా పెట్టుకోవడమే మేలు. '7', '11', '15', '20' అని నాలుగు ఫోల్డర్లు చాలు. ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఆల్' అంటే ఆ రోజు కావాల్సిన సైట్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. లాగిన్ అయ్యాక వచ్చే పేజీని సేవ్ చేయకండి. సెషన్ ముగిశాక అది పనిచేయదు. హోమ్ పేజీనే పెట్టుకోండి.

గూగుల్‌లో కొట్టి పైన వచ్చిన లింకు నొక్కే అలవాటుంటే ఈరోజే మానేయండి. అచ్చం అసలుదానిలా ఉండే నకిలీ సైట్లు ఉంటాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసి, ఒకసారి సరైనది సేవ్ చేసుకుంటే గొడవుండదు. అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి కూడా. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్ 2021 జూన్ 7న కొత్త చిరునామాకు మారింది. పాత షార్ట్‌కట్లు ఇంకా ఉన్న కంప్యూటర్లు ఉంటే ఆశ్చర్యం లేదు!

ఇక అసలు చిక్కు క్లయింట్ల వివరాలతోనే. లక్ష్మీ, వెంకటేశ్వర పేర్లతో బజారుకు రెండు దుకాణాలుంటాయి. పేరు చూసి ఒకరి లెక్కలు ఇంకొకరి రిటర్న్‌లో వేస్తే అంతే సంగతులు. ఫైల్ చేశాక 3బిని సవరించే వీలుండదు. అందుకే షీటులో మొదటి కాలమ్ పేరు కాదు, జీఎస్టీఐఎన్ ఉండాలి. అందులో 15 అక్షరాలుంటాయి: మొదటి రెండు రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్. ఒకే యజమానికి హైదరాబాద్‌లో, విజయవాడలో బ్రాంచీలుంటే పాన్ ఒక్కటే. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. కాబట్టి ముందున్న ఆ రెండంకెలు చూడకుండా వేలు కదపొద్దు.

తర్వాతి కాలమ్‌లలో ట్రేడ్ పేరు, ఓటీపీ వెళ్లే మొబైల్ నంబరు, అది ఎవరి చేతిలో ఉంటుంది, రిటర్న్ నెలకా మూడు నెలలకా, చివరిగా ఏది ఫైల్ చేశారు అన్నవి రాయండి. బ్యాంకు ఖాతా కాలమ్‌ను ముందే 'టెక్స్ట్' ఫార్మాట్‌కు మార్చండి. లేదంటే ఎక్సెల్ ముందున్న సున్నాలను తినేస్తుంది, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఈ షీటులో వద్దు, బ్రౌజర్‌లోనూ వద్దు. ఆఫీసులో ఒకే కంప్యూటర్‌పై ముగ్గురు కూర్చుంటారు మరి. బిట్‌వార్డెన్, కీపాస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఏది వాడాలో మీ సీనియర్‌ను అడిగి మొదలుపెట్టండి.

ఫైళ్ల పేర్లలో ఏడాది, నెల ముందు రాయండి. '2025-06 3బి' అని పెడితే అన్నీ వరుసలో కూర్చుంటాయి. 'ఫైనల్', 'ఫైనల్ న్యూ' అన్న పేర్లతో రెండు నెలల తర్వాత మీకే అర్థం కాదు.

ఉద్యోగం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో ఉన్న హోటల్ బిల్లులు, మెడికల్ షాపు బిల్లులు ఓ పది తీయండి. వాటిపై జీఎస్టీఐఎన్ ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర కొడితే లాగిన్ లేకుండానే అసలు పేరు, ట్రేడ్ పేరు, రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది వస్తుంది. ఆ పదింటితో షీటు తయారుచేసి, ఇంటర్వ్యూకి ల్యాప్‌టాప్‌లో పట్టుకెళ్లండి.