సైకిల్ ప్రయాణంలో భద్రతా భావన: సైబరాబాద్ ఐటీ కారిడార్

రహదారి భద్రతను సాధారణంగా ప్రమాదాల సంఖ్యతో కొలుస్తారు. అయితే భయం వల్ల సైకిల్ ఎక్కని వ్యక్తి ఆ లెక్కల్లో కనిపించడు. అందువల్ల ప్రమాదాలు తక్కువగా నమోదైన మార్గమంతా సురక్షితమని చెప్పలేం. అక్కడ సైకిళ్లే తిరగకపోవచ్చు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర సైకిల్ సమన్వయకర్త రోజర్ గెల్లర్ 2006లో నగరవాసులను నాలుగు వర్గాలుగా విభజించి, ఆసక్తి ఉన్నా భయపడేవారే దాదాపు 60 శాతమని అంచనా వేశారు.

సైబరాబాద్‌లో 2023 అక్టోబరు 1న ప్రారంభమైన సౌరఫలకాల సైకిల్ మార్గాన్ని ఈ దృష్టితో పరిశీలించాలి. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి నానక్‌రామ్‌గూడ–పోలీస్ అకాడమీ, నార్సింగి–కొల్లూరు మధ్య మొత్తం 23 కిలోమీటర్ల మేర, 4.5 మీటర్ల వెడల్పుతో హెచ్‌ఎండీఏ దీనిని నిర్మించింది. పైకప్పు నీడనిస్తుంది, వాహనాల నుంచి వేరుగా ఉండటం ధైర్యాన్నిస్తుంది. అయితే మాదాపూర్ కార్యాలయాలకు వెళ్లే ఉద్యోగి ఈ మార్గం దిగిన తరువాత బస్సులు, కార్లు, ద్విచక్రవాహనాల మధ్యకే చేరాలి. కూడళ్ల వద్ద మలుపు తిరిగే వాహనాలను తప్పించుకోవాలి.

ప్రయాణికుడి నిర్ణయాన్ని దారిలోని ఉత్తమ భాగం కాదు, అత్యంత భయపెట్టే భాగమే శాసిస్తుంది. కనుక వ్యాయామానికి ఉపకరిస్తున్న మార్గం నిత్య రాకపోకలకూ ఉపకరించాలంటే, దాని పొడవును పెంచడం కన్నా కార్యాలయ ద్వారం వరకు రక్షణ తెగకుండా చూడటం ముఖ్యం.